ఆ యాభయ్యో అంశం చదివిందెవరు?

సంక్రాంతికి ముందు వంటింటి అరలు దులపడమంటే మా ఇంట్లో చిన్న యజ్ఞమే. డబ్బాలన్నీ దించాలి, అరల్లో పరిచిన పాత పేపర్లు తీసెయ్యాలి, తుడవాలి, మళ్ళీ కొత్త పేపర్లు వెయ్యాలి. ఈ పని నాకు ఎప్పుడూ పూటలో తెమలదు. ఎందుకంటే తీసేసే పేపరు చదవకుండా పారెయ్యడం నాకు చేతకాదు. మీలో చాలామందికి ఈ జబ్బు ఉండే ఉంటుంది!

2023 సంక్రాంతికి అలాగే దులుపుతూ ఆవకాయ జాడీ కింద నుంచి నూనె మరక పడ్డ జిల్లా పేజీ ఒకటి బయటికి తీశాను. ఒక మూలన నాలుగు లైన్ల వార్త. 'గంటలో 52 అంశాలకు ఆమోదం' అని పైన రాసి ఉంది. మా మునిసిపల్ కౌన్సిల్ సమావేశం ప్రశాంతంగా జరిగిందట. అజెండాలో ఉన్న 48 అంశాలనీ, టేబుల్ అజెండాగా వచ్చిన నాలుగు అంశాలనీ సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారట. తేదీ చూశాను. 2022 ఆగస్టు.

ఆ పేపరు మా గుమ్మంలోకే వచ్చింది. నేనే మడిచాను. దసరాకి నేనే అరలో పరిచాను. దానిమీద ఆవకాయ జాడీ పెట్టాను. ఆ 52 అంశాల్లో ఒకటి మా కుట్టుమిషన్ల గది తాలూకుదని నాకు అప్పుడు తెలీదు.

సంగతేమిటంటే, మా ఊళ్ళో మార్కెట్ వెనకాల మునిసిపాలిటీ వాళ్ళవి రెండు గదులుండేవి. చాలా ఏళ్ళుగా మా మహిళా మండలి వాటిని వాడుకుంటోంది. ఒక గదిలో నాలుగు కుట్టుమిషన్లు, రెండో దాంట్లో ఒక బీరువాడు పుస్తకాలు, రెండు బల్లలు. పదో తరగతి తప్పినవాళ్ళు, పెళ్ళయి పుట్టింటికి తిరిగొచ్చినవాళ్ళు, మొత్తం పదకొండు మంది అమ్మాయిలు అక్కడ జాకెట్లు కుట్టడం నేర్చుకునేవారు. నేను వారానికి రెండు సాయంత్రాలు వెళ్ళి ఆ బీరువా తాళం తీసేదాన్ని. గొప్ప సంఘసేవ ఏమీ కాదు. ఇంట్లోంచి రెండు గంటలు బయటపడే వంక అనుకోండి, అదీ నిజమే.

ఆ ఏడాది దీపావళి వెళ్ళాక ఒక పొద్దున్న ఆ గదులకి కొత్త తాళాలు పడ్డాయి. మునిసిపల్ ఆఫీసుకి పరిగెత్తాం. అక్కడి గుమాస్తా తలెత్తకుండానే, "అవి షాపులకి వేలం వేసేశారు కదమ్మా, తీర్మానం అయ్యి మూడు నెలలైంది" అన్నాడు.

మూడు నెలలు! పదకొండు మంది ఆడపిల్లలు రోజూ వచ్చి కుట్టుకుని వెళ్తున్న గది వేరేవాళ్ళదైపోయి మూడు నెలలైతే, మాలో ఒక్కరికీ తెలీలేదు.

మా వార్డు కౌన్సిలర్ మహిళే. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్ల. మా మిషన్ల మీదే జాకెట్టు కుట్టడం నేర్చుకుంది. వాళ్ళింటికి వెళ్ళి అడిగితే మొహం పాలిపోయింది. "అక్కా, ఒట్టు, నాకు తెలీదు. అజెండా కాగితాలు మా ఆయనే చూస్తారు. మీటింగులో రిజిస్టరు ఇస్తే సంతకం పెట్టి వచ్చేశాను" అంది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది కూడా. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆమె చదవకుండా సంతకం పెట్టింది. నేను చదవకుండా ఆవకాయ జాడీ పెట్టాను. ఇద్దరికీ తేడా ఎంతంటారు?

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుము కట్టి ఆ తీర్మానం కాపీ తెప్పించాం. యాభయ్యో అంశం. మూడే మూడు వాక్యాలు. మునిసిపాలిటీ ఆదాయం పెంచే నిమిత్తం, మార్కెట్ వెనుక 'నిరుపయోగంగా ఉన్న' రెండు గదులను బహిరంగ వేలం ద్వారా అద్దెకు ఇచ్చుటకు ఆమోదించడమైనది అని. నిరుపయోగంగా! ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎవరో ఒక మనిషి ఆ కాగితం రాశాడు. ఆ గదిలోకి ఒక్కసారి తొంగిచూడకుండానే రాశాడు. గంటలో 52 అంశాలంటే ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని క్షణాలు. అందులో మా పదకొండు మంది నిరుపయోగమైపోయారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ముందుగా సభ్యులకి పంపిన జాబితాలో లేకుండా, మీటింగు జరిగే పూటే బల్ల మీదికి వచ్చే అంశాన్ని టేబుల్ అజెండా అంటారు. ఏ పైపు పగిలిందో, తుఫాను వచ్చిందో అంటే సరే, ఆగలేరు. గదుల వేలానికి అంత తొందరేం వచ్చింది? అని అడిగితే చెప్పినవాళ్ళు లేరు.

ఇక్కడ కాస్త దూరం వెళ్ళాలి. అదే ఏడాది, 2023 చివర్లో, మా చెల్లెలి పురిటికి నేను అమెరికా వెళ్ళాను. మా అమ్మకి మోకాళ్ళు సహకరించక నన్ను పంపారు. చెల్లెలుండేది లాస్ ఏంజెలెస్ కౌంటీలో. లాస్ ఏంజెలెస్ అంటే సినిమావాళ్ళ ఊరని తప్ప నాకేమీ తెలీదు. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. రాష్ట్రానికి కింద, ఊరికి పైన. ఆ ఒక్క కౌంటీలోనే 88 ఊళ్ళున్నాయి, వాటికి వేటి కౌన్సిళ్ళు వాటికున్నాయి. ఏ ఊళ్ళోనూ చేరని ప్రాంతాలు కూడా చాలా ఉన్నాయి. అలాంటి చోట్ల పది లక్షల మంది దాకా ఉంటారు. వాళ్ళకి రోడ్డు పని కావాలన్నా, వీధి దీపం కావాలన్నా కౌంటీ బోర్డే దిక్కు. మా చెల్లెలిది అలాంటి చోటే.

ఒక మంగళవారం పొద్దున్న నేను పసిదానికి నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ లేని లోటుకి విచారిస్తుంటే, ఇది కంప్యూటర్ ముందు పెట్టుకుని బట్టలు మడుస్తోంది. తెరమీద ఐదుగురు ఆడవాళ్ళు, ఎత్తైన బల్ల వెనక వరసగా కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు.

"ఏమే, ఇదేం సీరియల్?" అన్నాను.

"సీరియల్ కాదక్కా, మా కౌంటీ బోర్డు మీటింగు. మా వీధి చివర రోడ్డు పని ఉంది, ఇవాళ వస్తుందేమోనని చూస్తున్నా" అంది.

"ఆడవాళ్ళ కమిటీయా?"

అది నవ్వింది. "కమిటీ కాదు, అదే బోర్డు. అయిదుగురే సభ్యులు. అయిదుగురూ ఆడవాళ్ళే."

నిజం చెప్పొద్దూ, నేను మడుస్తున్న తువ్వాలు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ కౌంటీలో కోటి మంది దాకా జనం. అమెరికా మొత్తంలో అంత జనం ఉన్న కౌంటీ ఇంకోటి లేదు. కోటిమందికి అయిదుగురు, అంటే తలకి ఇరవై లక్షల మంది. 2023లో ఆ అయిదుగురూ హిల్డా సోలిస్, హాలీ మిచెల్, లిండ్సే హోర్వాత్, జానిస్ హాన్, క్యాథరిన్ బార్గర్. అయిదుగురూ మహిళలే అయిన బోర్డు మొదటిసారి ఏర్పడింది 2020 డిసెంబరులో. అంతకు ముందు కథ వేరు. ఆ బోర్డు 1852లో పుట్టింది. మొదటి మహిళ యివాన్ బర్క్ ఆ బల్ల వెనక కూర్చున్నది 1979లో. అదీ ఖాళీ వస్తే గవర్నరు నియమించడం వల్ల. ఓట్లతో గెలిచి వచ్చిన మొదటి మహిళ గ్లోరియా మొలీనా 1991లో. అంటే ఒక ఆడమనిషి ఆ గదిలో కూర్చోవడానికి 127 ఏళ్ళు, గెలిచి కూర్చోవడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టిందన్నమాట. వెనకటి రోజుల్లో ఆ సభ్యుల్ని జనం అయిదుగురు చిన్న రాజులని వెటకారంగా పిలిచేవారట!

ఏం గొప్ప విషయాలు మాట్లాడతారో విందామని కూర్చున్నాను. చెల్లెలు జాబితా చూపించింది. ఆసుపత్రికి సామాను కొనే ఒప్పందం. ఫలానా రోడ్డు మరమ్మతు. గ్రంథాలయం పనికి డబ్బు. జైలు ఖర్చులు. కౌంటీ మీద వేసిన దావాలో రాజీ సొమ్ము. తల్లిదండ్రుల దగ్గర ఉండలేని పిల్లల సంరక్షణ సంగతులు. దిక్కులేని కుక్కని సభలో చూపించి, పెంచుకునేవాళ్ళు కావాలని అడగడం కూడా వాళ్ళకి ఏళ్ళుగా నడుస్తున్న ఆనవాయితీ అట. రొటీను వ్యవహారాలని తోచినవాటిని గుంపుగా ఒకే ఓటుతో పాస్ చేసేస్తారు. ఏ సభ్యురాలికైనా ఏ అంశం మీదైనా అనుమానముంటే దాన్ని గుంపులోంచి విడదీసి విడిగా చర్చకి పెట్టించొచ్చు.

చూస్తుంటే నాకు మా ఇంటి పద్దుల పుస్తకం గుర్తొచ్చింది. పాలవాడికి ఇంత, గ్యాసుకి ఇంత, పిల్లవాడి బస్సు ఫీజు ఇంత. ఎవరైనా ఆ పుస్తకం చూస్తే ఇందులో ఏముంది అంటారు. ఏముందేమిటి, మా బతుకంతా అందులోనే ఉంది! పిల్లకి కొత్త గౌను వచ్చిందా లేదా, అత్తగారి కళ్ళజోడు మారిందా లేదా, అన్నీ ఆ చిన్న చిన్న అంకెల్లోనే తేలతాయి. జిల్లాకైనా, కౌంటీకైనా, మునిసిపాలిటీకైనా అంతే. పెద్ద ఉపన్యాసాలు పేపర్లో మొదటి పేజీలో వస్తాయి. మన కుళాయి, మన వీధి, మన గది మాత్రం యాభయ్యో అంశంలో ఉంటాయి.

ఒక సంగతి నా మనసులోంచి పోలేదు. నేను అక్కడున్న ఆ డిసెంబరులోనే కౌంటీ వాళ్ళు దాదాపు 1,900 మంది అస్థికల్ని ఒకే సమాధిలో ఉంచారు. వాళ్ళంతా మూడేళ్ళ కిందట, 2020లో పోయినవాళ్ళు. తీసుకువెళ్ళడానికి ఎవ్వరూ రానివాళ్ళు. కొందరికి అయినవాళ్ళు లేరు, కొందరికి ఉన్నా దహనం ఖర్చు పెట్టుకోలేని బీదవాళ్ళు. బాయిల్ హైట్స్ అనే చోట ఉన్న కౌంటీ శ్మశానంలో ఈ పని 1896 నుంచీ జరుగుతోంది. రకరకాల మతాలవాళ్ళు వచ్చి ప్రార్థనలు చేస్తారు. అందులో పెద్దకొడుకు లేడు, పిండం లేదు. కానీ ఎవరో ఒకరు ఆ బూడిదని ఏళ్ళ తరబడి జాగ్రత్త పెట్టాలి, జాబితా రాయాలి, గొయ్యి తవ్వించాలి. దానికి ఖర్చుంటుంది. ఆ ఖర్చు ఏదో ఒక బడ్జెట్ కాగితంలో ఒక లైనై ఉంటుంది. ఆ లైను ఎవరూ చదవరేమో. కానీ అది లేకపోతే ఆ 1,900 మందికీ ఆ కాస్త మర్యాదా లేదు. బడ్జెట్లో ఒక లైనంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

అన్నిటికంటే నన్ను కుదిపింది ఇంకొకటి. "ఈ జాబితా నీకెలా వచ్చింది?" అని అడిగాను చెల్లెల్ని.

"రూలుందక్కా. మామూలు మీటింగుకి 72 గంటలు ముందే అజెండా అందరికీ కనపడేలా పెట్టాలి. అందులో లేని విషయం మీద నిర్ణయం తీసుకోకూడదు. మరీ అత్యవసరమైతే తప్ప" అంది.

అది కాలిఫోర్నియా రాష్ట్రపు చట్టం. దాన్ని తెచ్చిన శాసనసభ్యుడి పేరు మీద బ్రౌన్ చట్టం అంటారు. 1953లో వచ్చింది. అంతకు ముందు అక్కడి స్థానిక బోర్డులు కూడా చాటుమాటు మీటింగులు పెట్టుకునేవే. ఒక పత్రికా విలేకరి ఆ రహస్య సమావేశాల మీద వరసగా వ్యాసాలు రాస్తే గొడవ మొదలై చట్టం దాకా వచ్చింది. జనంలో ఎవరైనా వెళ్ళి, ఓటుకి ముందే నిలబడి మాట్లాడే హక్కు కూడా అందులోనే ఉంది. ఇచ్చేది ఒకటి రెండు నిమిషాలే. కానీ మాట్లాడొచ్చు.

నాకు మా గదికి వేసిన కొత్త తాళం కళ్ళముందు ఆడింది. ఆ 72 గంటలు మాకుంటే? ఆ పదకొండు మంది పిల్లలూ వెళ్ళి, "అయ్యా, ఆ గది నిరుపయోగం కాదు, ఇదిగో నేను అందులోనే ఉన్నాను" అని ఒక్క నిమిషం చెప్పగలిగితే? నాకు ఆ పూట ఏడుపొచ్చింది. చెల్లెలు పురిటి ఇంట్లో ఏడవకూడదని కసిరింది.

అక్కడంతా స్వర్గమని రాస్తున్నానని అనుకోకండి. అయిదుగురు ఆడవాళ్ళున్నా ఆ కౌంటీ వీధుల్లో గుడారాలు వేసుకుని బతికేవాళ్ళు వేలల్లో ఉన్నారు, నేను కళ్ళారా చూశాను. కుర్చీలో ఆడది కూర్చున్నంత మాత్రాన కష్టాలు తీరిపోవు. కోటిమందికి అయిదుగురేమిటని వాళ్ళకే అనిపించి, 2024 నవంబరులో ఓటు పెట్టి, 2032 కల్లా సభ్యుల్ని తొమ్మిది మందిని చెయ్యాలని నిర్ణయించుకున్నారు.

ఆ ఓటు వెనకే ఒక తమాషా జరిగింది. తమాషా అనకూడదు, ఆలోచిస్తే భయం వేస్తుంది. 2020లో ఆ కౌంటీ ప్రజలు ఇంకో ఓటు వేశారు. కౌంటీ సొంతంగా సమకూర్చుకునే ఆదాయంలో, షరతుల్లేని సొమ్ములో పదో వంతు, జైళ్ళకి కాకుండా జనానికి ఇళ్ళు, ఉపాధి, వైద్యం లాంటి వాటికి పెట్టాలని. దాన్ని కౌంటీ నిబంధనావళి పుస్తకంలో ఎక్కించాలి కదా? ఎక్కించడం మర్చిపోయారు! నాలుగేళ్ళ తర్వాత కొత్త సంస్కరణ రాసినవాళ్ళు ఆ పాత పుస్తకాన్నే ముందు పెట్టుకుని రాశారు. దాంతో 2024 ఓటు అమలుకొచ్చే 2028లో, జనం 2020లో వేసిన ఓటు చెరిగిపోయే పరిస్థితి వచ్చింది. అలా చెరపాలని ఎవరూ అనుకోలేదు. బోర్డు అనుకోలేదు, జనం అనుకోలేదు. ఒక పేజీ ఎక్కలేదు, అంతే.

2025లో దీన్ని పట్టుకున్నదెవరనుకున్నారు? పెద్ద పెద్ద లాయర్లు కాదు. డువార్టే అనే చిన్న ఊరికి వెనకటి కౌన్సిలర్ ఒకాయన. సంస్కరణల అమలు చూడటానికి వేసిన సంఘంలో సభ్యుడు. ఆయన కూర్చుని పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చదివాడు. ఇది పోతోందే అన్నాడు. అప్పుడు బోర్డు సరిదిద్దే దారులు వెతకమని తన అధికారులకి చెప్పాల్సి వచ్చింది. చెల్లెలు ఫోన్లో ఈ కథ చెప్పినప్పుడు నేను అప్పడాలు వత్తుతున్నాను. అప్పడం అక్కడే ఆగిపోయింది.

72 గంటల రూలున్న చోటే అలా జరిగింది చూడండి. రూలు కాగితాన్ని గోడ మీద పెట్టగలదు. మనిషిని గోడ దగ్గరికి తీసుకురాలేదు. చదివే మనిషి ఒకరుంటేనే ఆ రూలు పనిచేస్తుంది. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాటే.

మన సంగతికొస్తే, 1992లో చేసిన 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చి, పంచాయతీల్లో, మునిసిపాలిటీల్లో ఆడవాళ్ళకి కనీసం మూడో వంతు స్థానాలు ఇచ్చాయి. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల చట్టాల్లోనూ అది సగం. లాస్ ఏంజెలెస్ ఆడవాళ్ళకి 127 ఏళ్ళు పట్టిన కుర్చీ మనకి చట్టం తెచ్చి ఇచ్చింది. తక్కువ సంగతా? కానీ కుర్చీ మనకిచ్చి, కాగితం మాత్రం మగవాళ్ళ దగ్గరే ఉంచేసుకున్నారు. సర్పంచి భార్య అయితే పెత్తనం భర్తది. కౌన్సిలర్ భార్య అయితే అజెండా ఫైలు భర్త బండి డిక్కీలో! ఈ జబ్బు ఎంత ముదిరిందంటే, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దీనికోసమే ఒక కమిటీ వేసింది. భార్యల బదులు అధికారం చలాయించే భర్తలకి గట్టి శిక్షలుండాలని ఆ కమిటీ 2025లో సిఫారసు చేసింది. మంచిదే. కానీ శిక్ష వేస్తే భర్త గదిలోంచి బయటికి వెళ్తాడు. భార్యకి కాగితం చదవడం ఎవరు నేర్పుతారు?

"నీకెందుకే ఈ రాజకీయాలు?" అని మావారు ఒకసారి అన్నారు. ఆయన మంచివారే, వెక్కిరింతకి అనలేదు. నేను చెప్పాను, "రాజకీయం కాదండీ, ఇది పద్దుల పుస్తకం. ఇంట్లో పద్దు నేను చూస్తే ఒప్పుకుంటారు కదా, వీధి పద్దు చూస్తే తప్పేమిటి?" అని. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అంటే ఒప్పుకున్నట్టే!

2024 వేసవిలో నేనూ, మా మండలిలో ఇంకో ఇద్దరూ కౌన్సిల్ సమావేశానికి వెళ్ళాం. గుమ్మం దగ్గర అటెండరు ఎగాదిగా చూసి, "ఎవరి తాలూకమ్మా?" అన్నాడు. ఎవరి తాలూకూ కాదు, చూడటానికి వచ్చామంటే వింతగా నవ్వాడు. ఊరికే చూడటానికి ఆడవాళ్ళు రావడం అతను ఎరగడట. వెనక బెంచీ మీద కూర్చున్నాం. మొదటిసారి సగం మాటలు అర్థం కాలేదు. రెండోసారి కాస్త అయ్యాయి.

ఈలోగా మా వార్డు కౌన్సిలర్ పిల్ల ఒక పని మొదలుపెట్టింది. అజెండా రాగానే నేరుగా మా ఇంటికి తెచ్చేది. నేను కూరలు తరుగుతూ ఉంటే, తను పీట మీద కూర్చుని ఒక్కో అంశం పైకి చదివేది. అంచనా వ్యయమంటే ఏమిటి, టెండరు మినహాయింపంటే ఏమిటి, మాకూ పూర్తిగా తెలీదు. తెలియని చోట పెన్సిలుతో సున్నా చుట్టేవాళ్ళం. మొదట్లో జాబితా నిండా సున్నాలే!

ఆ ఏడాది చివర్లో ఒక సమావేశంలో మళ్ళీ టేబుల్ అజెండా వచ్చింది. అందరూ ఆమోదం అనబోతుంటే ఈ పిల్ల లేచి నిలబడింది. చేతులు వణుకుతున్నాయి, వెనక బెంచీ నుంచి నాకు కనబడుతూనే ఉంది. "అధ్యక్షా, ఆ అంశం ఏమిటో ఒకసారి చదివి వినిపించండి" అంది. అంతే. పోట్లాడలేదు, కాగితాలు చింపలేదు. సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. కార్యదర్శి గొంతు సవరించుకుని చదివాడు. వీధిలైట్ల సామాను కొనుగోలు. అందులో పెద్ద మోసమేమీ లేదు, పాసైపోయింది కూడా. కానీ నాకు తెలిసి ఆ ఏళ్ళలో ఆ హాల్లో ఒక అంశాన్ని పైకి చదవమని అడిగిన మొదటి ఆడమనిషి తనే.

మా గదులు మాకు తిరిగి రాలేదు. అది కూడా చెప్పాలి. వేలం పాడుకున్నతను డబ్బు కట్టి తీసుకున్నాడు, అతని తప్పేమీ లేదు. ఇప్పుడు అక్కడ సెల్ ఫోన్ కవర్లు అమ్ముతారు. నాలుగు మిషన్లూ మా వరండాలో ఉన్నాయి. పదకొండు మందిలో ఆరుగురే వస్తున్నారు. మిగతా అయిదుగురి ఇళ్ళవాళ్ళు, మునిసిపాలిటీ గదికైతే పంపిస్తాం గానీ ఎవరింటికో పంపమన్నారు. ఆ అయిదుగురిలో ఒకమ్మాయి మొన్న బజార్లో కనబడి తల తిప్పుకుని వెళ్ళిపోయింది. యాభయ్యో అంశానికి ధర ఇదీ.

అందుకే అక్కచెల్లెళ్ళని ఒకటే అడుగుతున్నాను. మీరు ఎన్నికల్లో నిలబడండి, ధర్నాలు చెయ్యండి అనడం లేదు. చెయ్యగలిగినవాళ్ళు చెయ్యండి, సంతోషం. మిగతావాళ్ళం కనీసం నలుగురం కలిసి మన పంచాయతీ, మన మునిసిపాలిటీ అజెండా అడిగి చదువుదాం. ఇవ్వనంటే సమాచార హక్కు కింద అడుగుదాం. గ్రామసభ అంటే మగవాళ్ళ అరుగు కాదు, ఊళ్ళో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యురాలే. వంట అయ్యాక ఒక గంట వెళ్ళి కూర్చుందాం. మన వార్డు మెంబరు మహిళ అయితే ఆమెని తిట్టడం మాని, ఆమె పక్కన కూర్చుని ఆ కాగితం చదివిపెడదాం. చదువుకున్నామని గొప్ప చెప్పుకుంటాం కదా, నేనూ డిగ్రీ చదివాను, ఆ చదువు పచ్చళ్ళ జాడీల మీద పేర్లు రాయడానికేనా?

మొన్న సంక్రాంతికి మళ్ళీ అరలు దులిపాను. కొత్త పేపర్లు వేశాను. ఈసారి జిల్లా పేజీలు మాత్రం పక్కన పెట్టుకున్నాను. సినిమా పేజీలు పరిచాను. ఆవకాయ నూనె వాటిమీద పడ్డా ఫరవాలేదు!